బాలు గారు ఇంజినీరింగ్ మానేశారు, సంగీతం నేర్చుకోలేదు, మరి నేను? అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మిర్యాలగూడ దగ్గర ఊరు, బీటెక్ రెండో సంవత్సరం, వినాయక చవితి మండపాల్లో, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో పాడుతున్నావు, విన్నవాళ్ళంతా "అచ్చం బాలు గొంతే" అంటున్నారు. నువ్వు అడిగినవి మూడు. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, అదే మన బాలు గారు, ఇంజినీరింగ్ వదిలేసి పాటలోకి వచ్చారు కదా, నేనూ వదిలేయొచ్చా? ఆయన సంగీతం నేర్చుకోకుండానే అంత పాడారు కదా, నాకు క్లాసులెందుకు? మన నల్లగొండ యాసతో సినిమా పాట కుదురుతుందా?

నేను నల్లగొండలో చాలా ఏళ్ళుగా ఆర్కెస్ట్రా నడుపుతున్నాను, పిల్లలకు లలిత సంగీతం చెప్తాను. కొంతకాలం హైదరాబాద్‌లో కోరస్‌లు, ట్రాక్‌లు పాడాను. బాలు గారి పాట నాకు ప్రాణం. ఆయన జీవితం గురించి సగం సగం విన్న మాటల మీద నీ వయసు పిల్లలు పెద్ద నిర్ణయాలు తీసుకుంటుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు చదువు సంగతి. బాలు గారు 1946 జూన్ 4న పుట్టారు. నెల్లూరు వైపు కుటుంబం, తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరింది నిజం, మధ్యలో ఆగిపోయింది నిజం. కానీ ఆగింది పాట కోసం కాదు, టైఫాయిడ్ వచ్చి. తర్వాత మద్రాసు వెళ్ళి ఏఎంఐఈలో (కాలేజీకి వెళ్ళకుండా బయటి నుంచి చదివే ఇంజినీరింగ్ కోర్సు) చేరారు. అంటే పాడుతున్న రోజుల్లో కూడా చదువు చేతిలోనే ఉంది. సినిమాలో నిలబడతానో లేదో తెలియని కుర్రాడు చేసుకున్న ఏర్పాటు అది. నువ్వు చెప్పిన కథలో ఈ భాగం లేదు. రెండేళ్ళు చదివావు, ఇంకో రెండేళ్ళు చదువు. పాటకు ఆ రెండేళ్ళు అడ్డం రావు. రోజుకు గంట సాధనకు ఏ కాలేజీ అడ్డం రాదు.

గూడూరులో ఒక పాటల పోటీలో ఆయనకు రెండో బహుమతి వస్తే, అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు మొదటి బహుమతి ఈ అబ్బాయికి రావాల్సింది అన్నారు. ఆ మాట ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. తర్వాత మద్రాసులో ఇంకో పోటీలో సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారి చెవిన పడ్డారు. అయినా మర్నాడే పాట రాలేదు. గొంతు మరీ లేతగా ఉంది, హీరోకి నప్పదు అన్నారు. ఆగాల్సి వచ్చింది. 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం మొదటి పాట రికార్డయింది. అదీ ఒంటరిగా కాదు. ఒకవైపు పి. సుశీల గారు, ఇంకోవైపు పి.బి. శ్రీనివాస్ గారు, ఈలపాట రఘురామయ్య గారు. అంత పెద్దవాళ్ళ మధ్య ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఆ పాట టేపును చెరిపేయొద్దని రికార్డిస్టుకు చెప్పి, మిగతా సంగీత దర్శకులకు వినిపించేలా కోదండపాణి గారు చూశారని బాలు గారే చాలాచోట్ల చెప్పారు. తర్వాత ఆయన కట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు. ప్రతిభ ఒక్కటే సరిపోతే ఆ టేపు దాచమని అడిగే మనిషి అవసరం ఉండేది కాదు. నీకూ అలాంటి చెవి ఉన్న మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి దొరికేదాకా ఎదురుచూసే ఓపికా కావాలి.

ఆర్కెస్ట్రా అంటే చిన్నచూపు చూసేవాళ్ళ మాట పట్టించుకోకు. మద్రాసులో ఆ తొలి రోజుల్లో బాలు గారికీ ఒక మ్యూజిక్ ట్రూప్ ఉండేది. అందులో వాయించిన వాళ్ళలో ఇళయరాజా, ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ ఉన్నారు. స్టేజీ మీద జనం ముందు నిలబడి, మానిటర్ (మన పాట మనకు వినిపించే స్పీకర్) సరిగ్గా లేకున్నా, కీబోర్డు అబ్బాయి శ్రుతి మార్చేసినా పాట ఆగకుండా లాక్కురావడం అంటే తేలికైన చదువు కాదు. చెర్వుగట్టు జాతరలోనో, మండపం దగ్గరో పాడినవాడికి మైకంటే భయం పోతుంది. నీకు అది వచ్చేసింది కాబట్టి దాన్ని పోగొట్టుకోకు.

ఇక "అచ్చం బాలు గొంతే" అన్న మాట దగ్గరికి వస్తున్నాను. ఇది నీకు నచ్చకపోవచ్చు. బాలు గారు వచ్చేనాటికి తెలుగు పాటంటే ఘంటసాల గారు. ఊరికొక ఘంటసాల ఉండేవాడు, మన నల్లగొండలోనూ ఉండేవాళ్ళు. పద్యం ఎత్తుకుంటే అచ్చం ఆయనే అనిపించేవాళ్ళు. వాళ్ళలో సినిమాలో నిలిచిన వాళ్ళు ఎందరు? ఘంటసాల గారు ఉండగా ఘంటసాల గొంతు ఇంకొకటి ఎవరికీ అక్కరలేదు. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయాక కూడా జనం ఆ గొంతు కోసం మళ్ళీ ఆయన రికార్డే పెట్టుకున్నారు. బాలు గారిది సన్నటి, చిలిపిదనం ఉన్న గొంతు. ఘంటసాల గారిని ఆరాధించారు, మహమ్మద్ రఫీ గారిని ఆరాధించారు, కానీ ఏడెనిమిదేళ్ళు తన గొంతుతోనే పాడుతూ జనానికి అలవాటు చేశారు. ఇప్పుడు నీ ముందున్న పరిస్థితి అదే. సంగీత దర్శకుడికి బాలు గొంతు కావాలంటే ఆయన పాడినవి వేలల్లో ఉన్నాయి. నీ దగ్గరికి ఎందుకు రావాలి? పెళ్ళిలో చప్పట్లు కొట్టించే ఆ పోలికే స్టూడియోలో నీకు అడ్డం. ఆయన నవ్వు, ఆయన విరుపు, చరణం చివర ఆయన వేసే ఆ చిన్న జారుడు తీసేసి పాడి చూడు. మొదట్లో పాట బోసిగా అనిపిస్తుంది. అలాగే పాడుతూ పో, నీ గొంతు ఎలా ఉంటుందో నీకే తెలుస్తుంది.

సంగీతం నేర్చుకోలేదన్న మాట గురించి. శాస్త్రీయ సంగీతం గురువు దగ్గర కూర్చుని పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే పదిమందిలో చెప్పేవారు. జనం దానికి ఇంకో అర్థం పెట్టుకున్నారు: పుట్టుకతో వచ్చేసింది, కష్టపడలేదు అని. ఆయన తమిళంలోకి వెళ్ళిన తీరు చూడు. సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ గారు పాట విని, గొంతు బాగుంది, తమిళ ఉచ్చారణ బాగుచేసుకుని రా అని పంపించేశారు. ఈయన అలిగి కూర్చోలేదు, నేర్చుకుని మళ్ళీ వెళ్ళారు. 1969లో ఎంజీఆర్ గారి 'అడిమైప్పెణ్' సినిమా పాట వచ్చే సమయానికి మళ్ళీ టైఫాయిడ్. ఎంజీఆర్ గారు ఇంకొకరితో పాడించకుండా ఆయన కోలుకునేదాకా ఆగారు. ఆ పాటతో తమిళనాడంతా ఆయన పేరు తెలిసిపోయింది. ఒక తెలుగు కుర్రాడి కోసం అంత పెద్ద హీరో ఎందుకు ఆగుతాడు? రిహార్సల్లో ఈ కుర్రాడు ఏం పాడగలడో ఆయన విన్నాడు కాబట్టి.

'శంకరాభరణం' సంగతి ఇంకా పెద్దది. కె.వి. మహదేవన్ గారి బాణీలు, నిండా శాస్త్రీయం. బాలు గారు నావల్ల కాదేమో అని భయపడ్డారు. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు కూర్చోబెట్టి పాటలో ఒక్కో సంగతీ (ఒకే లైనును స్వరాలు మార్చి పాడే మెలిక) నేర్పించారు. ఆ సినిమాకు ఆయనకు మొదటి జాతీయ అవార్డు వచ్చింది. సంగీతం నేర్చుకోని మనిషికి శాస్త్రీయ పాటకు అవార్డు వచ్చింది అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజానికి ఆ పాటల వరకు ఆయన నేర్చుకునే పాడారు, పూర్తిగా నేర్చుకునే పాడారు. ప్రతి పాటకూ ఒక గురువు ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత 'సాగర సంగమం', 'రుద్రవీణ', కన్నడంలో గాయకుడు పంచాక్షర గవాయి గారి జీవితం మీద వచ్చిన, హిందుస్తానీ పద్ధతిలో సాగే సినిమా, తమిళంలో 'మిన్సార కనవు', హిందీలో 'ఏక్ దూజే కే లియే'. మొత్తం ఆరు జాతీయ అవార్డులు, నాలుగు భాషల్లో.

ఆయన నేర్చుకునే వేగం గురించి ఒక్క మాట. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో సంగీత దర్శకుడు ఉపేంద్ర కుమార్ గారికి ఒక్క రోజులో 21 కన్నడ పాటలు పాడారు. ఒక పాట నేర్చుకుని, రికార్డు చేసి, దాన్ని మనసులోంచి తుడిచేసి ఇంకోటి ఎత్తుకోవాలి. కొత్త బాణీ, కొత్త మాటలు, కొత్త హీరో. ఏ భాష పాటైనా ఆయన తన చేత్తో తెలుగు లిపిలో రాసుకునేవారు, సంగతులకు గుర్తులు పెట్టుకునేవారు. నువ్వు ఫోన్‌లో లిరిక్స్ చూసి పాడుతున్నావని నాకు అనుమానం. రేపటి నుంచి పాట చేత్తో రాయి. రాస్తున్నప్పుడే ఏ మాట ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నీకు కనిపిస్తుంది.

స్టూడియోలో ఏం జరుగుతుందో నీకు తెలియాలి. అప్పట్లో వాద్యాలన్నీ ఒకేసారి వాయిస్తుండగా గాయకుడు మైకు ముందు నిలబడి పల్లవి నుంచి చివరిదాకా పాడాలి. ఎవరు తప్పు చేసినా మళ్ళీ మొదటి నుంచే. ఇప్పుడు అలా లేదు. చెవుల్లో హెడ్‌ఫోన్స్, అందులో తాళం లెక్క చెప్పే క్లిక్ శబ్దం, రఫ్ మ్యూజిక్ ట్రాక్. సంగీత దర్శకుడో అసిస్టెంటో ఒక లైను పాడి వినిపిస్తాడు, నువ్వు పాడతావు, నచ్చకపోతే ఆ ఒక్క లైనే మళ్ళీ. శ్రుతి కొంచెం అటూఇటూ అయితే సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తారు. ఇది విని చాలామంది పిల్లలు, అయితే ఈజీనే అనుకుంటారు. ఆర్కెస్ట్రా గాయకుడు దొరికిపోయేది సరిగ్గా అక్కడే. నా కళ్ళతో ఎన్నోసార్లు చూశాను.

మండపంలో మనకు ఎకో ఉంటుంది. లైను చివర గొంతు సన్నబడినా, శ్రుతి కాస్త కిందికి జారినా ఆ మోతలో కలిసిపోతుంది. మైకు పెదాలకు ఆనించి పాడతాం, జనం అరుపుల మీద వినబడాలని గట్టిగా తోస్తాం. స్టూడియోలో ఎకో ఉండదు. మైకు జానెడు దూరంలో ఉంటుంది, నువ్వు మింగిన గుటక కూడా దానికి వినిపిస్తుంది. ఉదాహరణకు "మేఘం ముసిరిన వేళ నీ ఊళ్ళో భామలు" అన్న మామూలు లైను ఇచ్చారనుకో. మనవాళ్ళు ఎక్కువమంది "మేగం" అంటారు, "వేల" అంటారు, "బామలు" అంటారు. 'ముసిరిన' దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి 'వేళ' ముందు గుక్క తీసుకుంటారు, ఆ గుక్క శబ్దం రికార్డవుతుంది. 'భా' దగ్గర గాలి టప్‌మని మైకుకు కొడుతుంది. ఒక్క లైనులో ఇన్ని. ఇంజినీరు సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి సరిచేయగలడు కానీ 'గ'ను 'ఘ' చేయలేడు. గొంతు ఎంత బాగున్నా, ఆ లైను పదిసార్లు పాడించాల్సి వస్తే ఇంకోసారి ఫోన్ రాదు.

ఇది యాస వల్ల కాదు, దయచేసి ఈ రెండూ కలపకు. ఒత్తులు పలకకపోవడం, ళ, ణ ఎగిరిపోవడం గుంటూరులోనూ ఉంది, విశాఖలోనూ ఉంది. అది పలుకు అభ్యాసం లేకపోవడం. యాస వేరు. మన మాటకున్న లాగుడు, విరుపు నీ ఆస్తి. 'ఏక్ దూజే కే లియే' అప్పుడు సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్‌కు బాలు గారి హిందీ మీద నమ్మకం కుదరలేదు. దర్శకుడు బాలచందర్ గారు, కథలో హీరో హిందీ సరిగ్గా రాని దక్షిణాది కుర్రాడే కదా, ఈ గొంతే కావాలని పట్టుబట్టారు. ఏ దక్షిణాది పలుకు చూసి జంకారో, ఆ పలుకుకే జాతీయ అవార్డు వచ్చింది. పాట పాడే పాత్ర ఎవరిదో ఆ మనిషి నోరు నీ నోట్లోకి రావాలి, అంతే.

మన దక్షిణ తెలంగాణ నేల పాటకు కొత్త కాదు. సుద్దాల హనుమంతు గారు సాయుధ పోరాటం రోజుల్లో పాటతో ఊళ్ళు కదిలించారు. ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ గారు సినిమా పాట రాసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. గోరటి వెంకన్న గారిది నాగర్‌కర్నూల్ వైపు గౌరారం. అదే జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారు 'భీమ్లా నాయక్' పాట ఎత్తుగడలో వినిపించారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ళెవరూ యాస దాచుకోలేదు. నువ్వు ప్రామాణికంగా పలకడమూ నేర్చుకో, మీ అమ్మ మాట్లాడినట్టు పలకడమూ నిలుపుకో. రెండూ వచ్చినవాడికే ఈ రోజుల్లో పని ఎక్కువ.

బాలు గారిలో నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవించేది నటుణ్ని చదివే తీరు. అక్కినేని గారికి పాడితే మాట మెత్తగా విరిగేది, రామారావు గారికి పాడితే ఛాతీలోంచి వచ్చేది, అల్లు రామలింగయ్య గారికి పాడితే ఆ ముక్కు పలుకే వినిపించేది. కమల్ హాసన్ గారికి తెలుగులో డబ్బింగ్ చెప్పారు, 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా వేసిన సుమన్ గారికి చెప్పారు. 'గాంధీ' తెలుగు వెర్షన్‌లో గాంధీ గొంతు ఆయనదే. మాట్లాడటం వచ్చిన మనిషి కాబట్టే ఆ పాటల్లో మాట బతికింది. నువ్వు పాట పాడే ముందు ఆ సాహిత్యాన్ని మామూలు మాటల్లా చదువు, ఆ సీనులో మనిషి చెప్తున్నట్టు చదువు. నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదట ఇదే చేయిస్తాను. పాట రాని వాళ్ళకు కూడా దీనితో పాట వస్తుంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్తాను. సినిమాల్లోకి రావడానికి చాలామంది ట్రాక్ పాడే దారిలో వస్తారు. పెద్ద గాయకుడు వచ్చేలోపు పాట ఎలా ఉంటుందో చూపించడానికి ఇంకొకరితో పాడిస్తారు. గాయకుడు మనో గారు సంగీత దర్శకుడు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడిగా ఉంటూ అలాగే పైకొచ్చారు. ట్రాక్‌కు డబ్బు తక్కువ, పేరు ఉండదు, ఒక్కోసారి నీ గొంతే ఉంచేస్తారు, ఒక్కోసారి తీసేస్తారు. బాధపడకుండా పాడగలిగితేనే వెళ్ళు. పాడిన పాటకు రాయల్టీ అందుకునే హక్కు గాయకుడికి 2012 కాపీరైట్ చట్ట సవరణతో స్పష్టంగా వచ్చింది, 2013లో గాయకుల హక్కుల సంఘం 'ఇస్రా' కూడా ఏర్పడింది. కాబట్టి ఎవరు ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం పెట్టకు. ఇంకొకటి: పాట ఇప్పిస్తాం, షోలో సెలెక్ట్ చేయిస్తాం, ముందు ఇంత కట్టండి అన్నవాడికి రూపాయి ఇవ్వకు. మా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి వాళ్ళ నాన్న ఇలాగే పత్తి అమ్మిన డబ్బు పోగొట్టుకున్నాడు. నీ గొంతు నచ్చి పాడించుకునేవాడు నీకు డబ్బిస్తాడు, నీ దగ్గర తీసుకోడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. బీటెక్ పూర్తి చెయ్. పొద్దున్నే తంబూర యాప్ పెట్టుకుని నీ శ్రుతి పట్టుకో. మగపిల్లలకు హార్మోనియం లెక్కలో ఒకటి నుంచి రెండున్నర శ్రుతి మధ్య ఎక్కడో కుదురుతుంది. సినిమా పాట ఏ శ్రుతిలో ఉంటే అక్కడికి గొంతు చించుకుని ఎక్కకు. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) రావాలి, తర్వాత నాలుగైదు వర్ణాలు (పై మెట్టు సాధన రచనలు). దీనికి మీ ఊళ్ళోనో మిర్యాలగూడలోనో పద్ధతిగా చెప్పేవాళ్ళ దగ్గర చేరు, పేరున్న గురువే కావాలని లేదు. చదువయ్యాక ఆసక్తి నిలిస్తే హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయంలో లలిత సంగీతం చదవొచ్చు. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు. ఆకాశవాణి లలిత సంగీతం ఆడిషన్‌కు తయారవ్వు. అక్కడ నీ ముఖం చూడరు, మైకులో వచ్చింది వింటారు. పి. సుశీల గారు సినిమాలోకి వచ్చింది రేడియో దారిలోనే. చివరికి 17,695 పాటలతో గిన్నిస్‌లోకి ఎక్కారు. 'పాడుతా తీయగా' 1996లో మొదలైనప్పటి నుంచి బాలు గారు పిల్లలకు చెప్పిన సవరణలు పాత ఎపిసోడ్లలో దొరుకుతాయి. పాటల కోసం కాకుండా, పాట అయ్యాక ఆయన మాట్లాడిన ఐదు నిమిషాల కోసం చూడు. ఏ అక్షరం పోయింది, ఏ స్వరం తగ్గింది, ఎక్కడ ఊపిరి తప్పుగా తీశారో పేరు పెట్టి చెప్తారు. 2020 సెప్టెంబరు 25న ఆయన వెళ్ళిపోయినా ఆ పాఠం మనకు ఉచితంగా ఉంది.

చవితి తొమ్మిది రాత్రులూ వరుసగా పాడకు. మూడో రోజుకే గొంతు బొంగురుపోతే ఆపెయ్, డబ్బు పోయినా సరే. బొంగురు గొంతు మీద బలవంతంగా పాడితే స్వరతంత్రుల మీద కాయలు కడతాయి. వారం పది రోజులు దాటినా గొంతు తేలకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌కు చూపించుకో.

ఆదివారం మిర్యాలగూడ నుంచి రైలెక్కితే నల్లగొండ ఎంతో దూరం కాదు, రావాలనిపిస్తే రా. ఈలోపు ఒక పని చెయ్. ఫ్యాన్ ఆపేసి, తలుపు వేసుకుని, కరోకే లేకుండా, ఎకో యాప్ లేకుండా ఫోన్‌లో రెండు రికార్డు చెయ్: ఒకటి బాలు గారు పాడిన ఏదైనా పాట పల్లవి, ఒక చరణం, ఇంకొకటి మీ ఊళ్ళో నాట్లప్పుడో బతుకమ్మకో పాడే పాట, మీ ఇంట్లో పాడుకునేది. పాడే ముందు నీ శ్రుతి ఏదో చెప్పు. రెండూ ఇక్కడ పెట్టు, విని ఎక్కడ ఏం జారుతుందో లైను లైనుకూ రాస్తాను.